మోనోగ్రాఫ్ అంటే చిన్న పుస్తకం కాదు

తెలుగు సాహిత్య సభల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది: ‘ఫలానా కవిగారి మీద ఫలానావారు మోనోగ్రాఫ్ రాశారు’. పుస్తకం రాశారు అనరు, మోనోగ్రాఫ్ రాశారనే అంటారు. మోనోగ్రాఫంటే ఏమిటండీ అని ఎవర్నైనా అడిగి చూడండి. ‘అదేనండీ, చిన్న పుస్తకం. ఓ వంద పేజీలుంటుంది. పుట్టుక, చదువు, ఉద్యోగం, రచనలు, బిరుదులు...’ అని చెబుతారు. నేను అడిగినవాళ్ళలో ఇద్దరు లెక్చరర్లు కూడా ఉన్నారు. ఒకాయన ఇంకాస్త ముందుకెళ్ళి, మోనోగ్రాఫ్ అంటే పెద్ద గ్రంథానికి సంక్షిప్త రూపమని తేల్చేశారు.

చిన్నదో పెద్దదో, ఒక పుస్తకం వచ్చింది కదా, మాట పట్టుకుని వేలాడ్డం దేనికీ అనొచ్చు. నాకు మాత్రం ఈ మాట అర్థం మారడంతోపాటు మనదగ్గర ఒక రకం పుస్తకమే తగ్గిపోయిందని అనుమానం. ఏం తగ్గిందో చెప్పాలంటే మాట ఎక్కడ పుట్టిందో చూడాలి.

గ్రీకులో ‘మోనోస్’ అంటే ఒక్కటే, ఒంటరి. ‘గ్రాఫీన్’ అంటే రాయడం. ఒక్కదాని గురించి రాసింది మోనోగ్రాఫ్. ఎన్ని పేజీలుండాలన్న ఊసు అందులో ఎక్కడా లేదు. (పనిలో పనిగా, మోనోగ్రామ్ వేరు. అది రెండు మూడు అక్షరాలని పెనవేసి రుమాళ్ళ మీదా, కంపెనీ ముద్రల మీదా వేసే గుర్తు. ఈ రెంటినీ కలిపేసేవాళ్ళు కూడా మనలో తక్కువేం లేరు.)

పేరు గ్రీకుదే అయినా దాన్ని వాడుకలోకి తెచ్చింది మొక్కలూ పురుగులూ చూసుకునేవాళ్ళు. మొక్కలకీ జంతువులకీ రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ తన 1751 నాటి ‘ఫిలసోఫియా బొటానికా’లో వృక్షశాస్త్రం రాసేవాళ్ళని రకరకాలుగా విడగొట్టాడు. ఒకే మొక్క మీద ప్రత్యేకంగా గ్రంథం రాసినవాళ్ళు అందులో ఒక రకం. వాళ్ళకాయన పెట్టిన పేరు ‘మోనోగ్రఫీ’. అంటే మొదట్లో ఈ మాట పుస్తకానికి కాక మనుషులకి వాడిందన్నమాట. ఒక్కదాన్నే పట్టుకున్నవాళ్ళు.

ఆయన స్వయంగా ఆ పని చేసి చూపించాడు కూడా, దేనిమీదనుకున్నారు? మన అరటి చెట్టు మీద. 1730ల్లో లినేయస్ హాలండులో, హార్లెం దగ్గర, క్లిఫర్డ్ అనే బాగా డబ్బున్న బ్యాంకరు తోటలో పనిచేసేవాడు. ఆ క్లిఫర్డు డచ్చి ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లలో ఒకడు, అందుకని ఎక్కడెక్కడి మొక్కలూ ఆయన తోటకొచ్చేవి. అరటి కూడా వచ్చింది, కానీ ఆ చలిదేశంలో పువ్వు వేస్తేగా! అద్దాల గదిలో వేడి పెట్టి, నీళ్ళు ఆపి, మళ్ళీ పెట్టి, నానా తంటాలూ పడితే 1736లో పువ్వేసింది. లినేయస్ అదే ఏడు ఆ ఒక్క చెట్టు మీద ‘మూసా క్లిఫర్టియానా’ అనే పుస్తకం అచ్చు వేయించాడు. గెల, దొప్ప, పువ్వు, పండు, పేర్లు, ఉపయోగాలు అన్నీ అందులో ఉన్నాయి. ఏదెను తోటలో ఆదాము తిన్న పండు ఇదేనేమోనన్న ఊహ కూడా చేశాడు! మనవాళ్ళు పెరట్లో పెంచుకుని, ఆకు కోసుకుని అన్నం తిని అవతల పారేసే చెట్టుకి ఒక పుస్తకం రాయాలని తోచింది, దాన్ని జీవితంలో మొదటిసారి చూసినవాడికి.

ఇంగ్లీషులో ఈ మాట మొదట ‘మోనోగ్రఫీ’ అనే రూపంలోనే తిరిగింది. సెల్బోర్న్ అనే పల్లెటూళ్ళో ఉండిన గిల్బర్ట్ వైట్ అనే పాదిరీ, ఊరి ఇళ్ళ చూర్ల కింద మట్టితో గూళ్ళు కట్టుకునే చిన్న పిట్ట గురించి 1773లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ దాన్ని మోనోగ్రఫీ అనే అన్నాడు. గూడు ఎన్ని రోజుల్లో కడుతుంది, పొద్దున మాత్రమే కట్టి మిగిలిన పూట ఎందుకు వదిలేస్తుంది (తడి మట్టి ఆరి గట్టిపడాలిగా, లేకపోతే బరువుకి ఊడి పడుతుంది), ఇవీ అందులో సంగతులు. ఒక్క ఊరినో, ఒక్క ప్రాంతాన్నో పట్టుకుని చూసేవాడే ప్రకృతి గురించి కొత్త విషయం చెప్పగలడని ఆయన నమ్మకం. 1789లో ఆ ఉత్తరాలన్నీ పుస్తకంగా వచ్చాయి. ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి చివరి అక్షరం రాలిపోయి ‘మోనోగ్రాఫ్’ స్థిరపడింది. విలియం కిర్బీ 1802లో ఇంగ్లండు తేనెటీగల జాతి మీద రెండు సంపుటాలు వేశాడు. ఇక డార్విన్ సంగతి చెప్పకుండా ముందుకెళ్ళకూడదు.

డార్విన్ 1844 నాటికే జీవపరిణామం మీద తన ఊహనంతా ఒక పెద్ద వ్యాసంగా రాసి పెట్టుకున్నాడు. అచ్చు వేయించలేదు. ఏ జాతినైనా చాలా నమూనాలు చేతిలోకి తీసుకుని సూక్ష్మంగా వర్ణించని మనిషికి జాతుల గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పే అర్హత లేదని స్నేహితుడు హూకర్ ఎవరి గురించో అన్నాడు. అది ఈయనకి గుచ్చుకుంది. అప్పుడు పట్టుకున్నాడు బార్నకిల్స్‌ని. సముద్రంలో రాళ్ళకీ, ఓడల అడుక్కీ అంటుకుని గట్టి చిప్పలతో కనబడే జీవులు. నత్తల చుట్టాలనుకునేవాళ్ళు పూర్వం, నిజానికి రొయ్యల చుట్టాలు. చిలీ తీరంలో దొరికిన ఒక వింత నమూనాతో 1846లో మొదలుపెట్టి, ఏదో కొన్ని నెలల పని అనుకున్నది ఎనిమిదేళ్ళు సాగింది. మైక్రోస్కోపు, సూదులు, ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించుకున్న డబ్బాలు. వాళ్ళింట్లో పిల్లలకి ఇది ఎంత మామూలైపోయిందంటే, ఒకడు పొరుగింటాయన గురించి ‘ఆయన తన బార్నకిల్స్ పని ఎక్కడ చేసుకుంటాడు?’ అని అడిగాడట. నాన్న అన్నవాడు ఎవడైనా ఆ పనే చేస్తాడనుకున్నాడు పాపం.

1851 నుంచి 1854 దాకా నాలుగు సంపుటాలొచ్చాయి, బతికున్న జాతుల మీద రెండు, రాతిలో మిగిలిన శిలాజాల మీద రెండు. పేరులోనే ‘మోనోగ్రాఫ్’ అని ఉంది. రాయల్ సొసైటీ 1853లోనే పతకం ఇచ్చింది. అదొక్కటే కాదు, ఆడజీవి ఒంటికి అంటుకుని కంటికానని మగజీవులు బతకడం, ఒకే జాతిలో ఒకదానికొకటి తేడాగా ఉండడం, ఇవన్నీ తర్వాత 1859లో వచ్చిన అసలు పుస్తకానికి పునాదిలో రాళ్ళయ్యాయి. మొత్తం పేజీలు వెయ్యి పైన. మా లెక్చరరుగారి లెక్క ప్రకారం ఇది మోనోగ్రాఫ్ కాదు మరి!

ఆ కాలంలో ఈ మాట ఎంత ఫ్యాషనంటే కథల్లోకి కూడా వచ్చేసింది. షెర్లాక్ హోమ్స్ 1890 నాటి ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో తాను పొగాకు బూడిద మీద మోనోగ్రాఫ్ రాశానంటాడు. చుట్ట, సిగరెట్టు, పైపు కలిపి 140 రకాల పొగాకుల బూడిదని రంగుబొమ్మలతో సహా వేరు చేసి చూపించాడట. కానన్ డాయిల్ కొంచెం వెటకారంగానే రాశాడనుకోండి. వెటకారం పండాలంటే చదివేవాడికి మోనోగ్రాఫ్ ఎలాంటిదో, దాన్ని రాసేవాడు ఎలాంటివాడో తెలిసుండాలి. తెలుసు కాబట్టే పండింది.

ఇక్కడో చిన్న పిడకల వేట. లైబ్రరీవాళ్ళ భాషలో మోనోగ్రాఫ్ అంటే అర్థం వేరు. పత్రికలాగా ఎప్పటికీ వస్తూ ఉండకుండా, ఒక సంపుటంగానో లెక్క తెలిసిన కొన్ని సంపుటాలుగానో పూర్తైపోయే ఏ పుస్తకమైనా వాళ్ళకి మోనోగ్రాఫే. ఆ లెక్కన యండమూరి నవల కూడా మోనోగ్రాఫే అవుతుంది. క్యాటలాగు సౌకర్యం కోసం పెట్టుకున్న అర్థం అది, మన చర్చకి పనికి రాదు.

పనికొచ్చే అర్థం ఇంకోటుంది, అది మీ ఇంట్లో మందుల డబ్బాలోనే ఉంది. పారాసెటమాల్ బిళ్ళల రేకు తీసి చూడండి. మందు పేరు పక్కన ‘ఐ.పి.’ అని రెండక్షరాలుంటాయి. ఇండియన్ ఫార్మకోపియా అని దానర్థం. 1955లో మొదటి ముద్రణ వచ్చింది. అందులో ఒక్కో మందుకీ ఒక్కో అధ్యాయం ఉంటుంది, దాని పేరే మోనోగ్రాఫ్. ఆ పదార్థం చూడ్డానికెలా ఉండాలి, అది అదేనని తేల్చుకునే పరీక్ష ఏమిటి, ఏ మలినం ఎంతకి మించకూడదు, అసలు మందు ఎంత శాతం ఉండాలి, ఎలా నిలవ చెయ్యాలి. మిగతా ప్రపంచంతో దానికి పని లేదు. మన హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఈ మాట రోజువారీ మాట, ‘మోనోగ్రాఫ్ ప్రకారం పాసయిందా లేదా’ అనేది ఒక బ్యాచ్ మొత్తాన్ని బయటికి పంపాలా పారబొయ్యాలా అన్న నిర్ణయం. అలాగే ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద కేన్సరు పరిశోధన చేసే లియాన్ నగరపు సంస్థ 1970ల మొదటి నుంచీ మోనోగ్రాఫులే వేస్తోంది, ఒక్కో సంపుటంలో ఒకటో కొన్నో అనుమానిత పదార్థాలు. 2004లో వచ్చిన 85వ సంపుటం తాంబూలం మీద. పొగాకు కలపకపోయినా సరే, ఒట్టి వక్క కూడా మనిషికి కేన్సరు కలిగించేదేనని తేల్చింది అందులోనే. మనవాళ్ళ ప్రతి పెళ్ళి పళ్ళెంలోనూ ఉండే వక్క గురించి అంత మాట అనాలంటే ‘పొగాకు, మద్యం, వక్క తదితర దురలవాట్లు’ అన్న వ్యాసం సరిపోదు కదా.

సరే, మనదేశంలోకి మోనోగ్రాఫ్ ఎలా వచ్చిందో చూద్దాం. దొరలతోనే వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ప్రతి రాష్ట్రంలో ఏయే చేతిపనులున్నాయో ఒక్కో దానిమీద ఒక్కో మోనోగ్రాఫ్ రాయించడం మొదలుపెట్టారు. మద్రాసు రాజధానిలో తోళ్ళ పని మీద ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1904లో, తివాచీల నేత మీద హారిస్ 1908లో, బట్ట మీద అద్దకం, కలంకారీల మీద హ్యాడవే 1917లో రాశారు. మచిలీపట్నం, కాళహస్తి కలంకారీ మీద ఇవాళ ఎవరేం రాసినా హ్యాడవే దాకా వెళ్ళక తప్పదు. వాళ్ళు ప్రేమతో రాయించారని నేననను. ఏ సరుకుకి బజారుంది, దేన్ని యంత్రం మీద చేయొచ్చు, ఎవడి దగ్గర ఏ విద్య ఉంది అన్న లెక్కలు ఆ వెనకాల ఉన్నాయి. అయినా అద్దకంవాడు ఏ పాత్రలో ఏది మరగబెట్టాడో, ఎన్నిసార్లు ఉతికాడో పక్కన కూర్చుని రాసినది కాగితం మీద మిగిలింది. మన పండితులు అదే సమయంలో గ్రాంథికమా వ్యావహారికమా అని కొట్టుకుంటున్నారు. ఆ గొడవా ముఖ్యమైనదే, కాదనను. కానీ అద్దకంవాడు వాడే తెలుగు ఎవరికీ పట్టలేదు.

తర్వాతి తరం మోనోగ్రాఫులు మానవశాస్త్రం వాళ్ళవి. మలినోవ్‌స్కీ 1922లో ట్రోబ్రియాండ్ దీవుల్లో గవ్వల దండల ఇచ్చిపుచ్చుకోళ్ళ మీద రాసిన పుస్తకంతో, ఒక్క సమాజం మధ్య నెలలూ ఏళ్ళూ ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని రాయడం పద్ధతైంది. ఆ పద్ధతి మన తెలుగునేల మీదకి రావడం మాత్రం ఒక విచిత్రమైన కథ.

వియన్నాలో పుట్టిన హైమెండార్ఫ్ 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ళ దృష్టిలో శత్రుదేశస్థుడు. జైల్లో పెట్టకుండా నిజాం రాజ్యం ఎల్లలు దాటకూడదన్న షరతు మీద హైదరాబాదులో ఉండనిచ్చారు. కూర్చోవడమెందుకని భార్య బెట్టీతో కలిసి నల్లమల అడవుల్లో చెంచుల దగ్గరకెళ్ళాడు. 1943లో ‘ద చెంచూస్’, 1945లో పాపికొండల రెడ్ల మీద, 1948లో ఆదిలాబాదు రాజగోండుల మీద, వరసగా మూడు మోనోగ్రాఫులు. అది 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం నేలకొరిగిన కాలం. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకి వచ్చింది. రెవెన్యూ రికార్డుల నిండా భూములున్నాయి, కానీ ఆ భూమి మీద తరతరాలుగా ఉన్న మనుషులు అందులో లేరు. వాళ్ళ మధ్య ఉండి వాళ్ళ భాష విన్నవాడు హైమెండార్ఫ్. సర్కారు ఆయన్నే గిరిజనుల సలహాదారుగా వేసుకుంది. గోండులకి పట్టాలివ్వడం, 1943లో మార్లవాయిలో గోండీ పంతుళ్ళకి శిక్షణ మొదలుపెట్టడం ఆ సలహాల ఫలితమే. ఆయనేమీ దేవుడు కాదు, నిజాం సర్కారు జీతం తీసుకున్నాడు, పెద్దమనుషుల పక్షం నుంచి చూసిన విమర్శలూ ఉన్నాయి. అయినా బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది, ఆయన 1995లో లండనులో పోతే చితాభస్మం తర్వాత అక్కడికే చేరింది. గోండులు ఏటా ఆ ఇద్దర్నీ తలుచుకుంటారు. ఒక పుస్తకం రాసినవాడికి ఇంతకంటే పెద్ద సమీక్ష ఏముంటుంది?

ఇక ఎస్.సి. దూబే హైదరాబాదుకి పాతిక మైళ్ళ దూరంలో శామీర్‌పేట అనే ఒక్క ఊరిని పట్టుకుని 1955లో ‘ఇండియన్ విలేజ్’ వేశారు. దేశవిదేశాల్లో సోషియాలజీ క్లాసుల్లో చదివిన పుస్తకం. 1961 జనాభా లెక్కలప్పుడు ఏకంగా ప్రభుత్వమే ఊరికో మోనోగ్రాఫ్ చొప్పున రాయించింది. ఆంధ్రప్రదేశ్ ఊళ్ళవి చాలానే అచ్చయ్యాయి. ఎన్ని ఇళ్ళు, ఏ కులం ఏ వీధి, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి, పెళ్ళికి ఖర్చెంత, ఎడ్లెన్ని, రేడియో ఎవరింట్లో ఉంది. ఆ అరవైల నాటి పల్లె ఎలా ఉండేదో సినిమాలు చూసి ఊహించుకుంటాం మనం. అసలు లెక్క ఆ సంపుటాల్లో ఉంది. ఉంది గానీ, ఇంగ్లీషులో ఉంది. ఆ ఊరివాళ్ళలో ఎంతమంది చూశారో ఆలోచించండి.

ఇంతకీ మనదగ్గర మోనోగ్రాఫ్ ‘చిన్నది’ ఎలా అయింది? నా లెక్క ప్రకారం ఇది కేంద్ర సాహిత్య అకాడెమీ పుణ్యం. 1954లో మొదలైన అకాడెమీ ‘భారతీయ సాహిత్య నిర్మాతలు’ అనే వరసలో ఒక్కో రచయిత మీద ఒక్కో సన్నటి పుస్తకం వేయించింది. ఒక భాషవాళ్ళకి ఇంకో భాష రచయితని పరిచయం చేయడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. నార్ల వెంకటేశ్వరరావుగారు వేమన మీదా, వీరేశలింగం మీదా రాసినవి ఈ వరసలోవే. ఇవాళ చదివినా హాయిగా సాగుతాయి. ఒక్క రచయిత మీద కనుక వీటిని మోనోగ్రాఫులనడమూ తప్పు కాదు. కానీ తెలుగు పాఠకుడు మోనోగ్రాఫ్ అన్న మాటని ఎక్కువగా విన్నది వీటి దగ్గరే. ఏనుగు తొండం పట్టుకున్నవాడి కథలాగా, పరిచయ పుస్తకం ఆకారమే మోనోగ్రాఫ్ ఆకారమైపోయింది: మనిషి మీద ఉండాలి, ఆ మనిషి రచయితై ఉండాలి, వంద పేజీలుండాలి, చివర్లో రచనల పట్టిక ఉండాలి. అరటి చెట్టు మీదో, పిట్టగూడు మీదో రాసింది మోనోగ్రాఫంటే నవ్వుతారు.

రెండో చివర ఏముందో తెలుసా? ‘సమగ్రం’. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో సిద్ధాంత గ్రంథాల పేర్లు చదవండి. ఫలానావారి ‘జీవితం - సాహిత్యం’, ఫలానావారి రచనలు: ‘సమగ్ర పరిశీలన’, ‘సమాలోచన’, ‘అనుశీలన’. ఒక మనిషి యాభై ఏళ్ళు రాసిన కథలూ నవలలూ నాటకాలూ వ్యాసాలూ రేడియో ప్రసంగాలూ అన్నీ నాలుగువందల పేజీల్లో పరిశీలించేస్తారు. ఒక్కో కథకి ఒక్కో పేరా, పేరాలో ముప్పాతిక భాగం కథాసారాంశం. ఆయన ఒక్క కథ ఎన్నిసార్లు తిరగరాశాడు, పత్రికలో వచ్చినదానికీ పుస్తకంలో వచ్చినదానికీ తేడా ఏమిటి అన్నది మాత్రం ఉండదు. మా వృత్తిలో యూనిక్స్ చేసినవాళ్ళు పెట్టుకున్న నియమం ఒకటుంది, ఒక ప్రోగ్రాము ఒక్క పని చెయ్యాలి, దాన్ని శుభ్రంగా చెయ్యాలి అని. అన్ని పనులూ చేసే ప్రోగ్రాము రాసినవాడికి చివరికి ఏ పని ఎక్కడ చెడిందో తెలీదు. సమగ్ర పరిశీలనల సంగతీ అంతే.

మనకి ఒక్కదాన్ని పట్టుకునే అలవాటు అసలే లేదని కాదు. కాకతి గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1250ల్లో ఒక్క నాట్యం మీద సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఏనుగుల దళాన్ని నడిపే మనిషి! శాస్త్రంలో ఉన్నదాంతో ఆగకుండా అప్పట్లో జనం ఆడిన దేశి నృత్యాలు కూడా అందులో చేర్చాడు కాబట్టే అది ఇవాళ్టికీ కావాలి. తెలుగులో గుర్రాల మీద మనుమంచి భట్టు రాసిన లక్షణ గ్రంథం ఉంది. అయితే లక్షణ గ్రంథాలకీ మోనోగ్రాఫ్‌కీ ఒక తేడా ఉంది. మంచి గుర్రం ఎలా ఉండాలో లక్షణ గ్రంథం చెబుతుంది. మోనోగ్రాఫ్ రాసేవాడు ఎదురుగా ఉన్న గుర్రం ఎలా ఉందో చెబుతాడు, సుళ్ళు బాగున్నా బాగోకపోయినా. జాయప దేశి నృత్యాలు రాసిన చోట ఈ రెండోదానికి దగ్గరగా వచ్చాడని నా అభిప్రాయం.

ఆధునిక కాలంలో నాకు ఆదర్శం మల్లంపల్లి సోమశేఖర శర్మగారు (1891-1963). చేతిలో కాలేజీ పట్టా లేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారి దగ్గర విజ్ఞాన సర్వస్వం పనిలో చేరి శాసనాలు చదవడం పట్టుబడినవాడు. ఇక్కడ గురుశిష్యుల తేడా చూడండి. లక్ష్మణరావుగారు మహానుభావుడే, కానీ సకల విజ్ఞానాన్నీ అకారాది క్రమంలో తెలుగులోకి తేవాలనుకున్నారు. మూడు సంపుటాలొచ్చాయి, అకారం దాటకుండానే 1923లో వెళ్ళిపోయారు. శిష్యుడు చిన్న గిరి గీసుకున్నాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ తర్వాత రెడ్డిరాజులు, వెలమరాజులు స్థిరపడే దాకా ఏం జరిగింది? అప్పటి చరిత్రల్లో అదొక ఖాళీ. ఆ కొద్దిపాటి దశాబ్దాల మీదే ఆయన 1940ల్లో ‘ఎ ఫర్గాటెన్ చాప్టర్ ఆఫ్ ఆంధ్ర హిస్టరీ’ రాశారు. ముసునూరి ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు అనే పేర్లు ఇవాళ మనకి తెలుసంటే కారణం విలస తామ్రశాసనం లాంటి రాగిరేకులూ, వాటిని చదివిన మల్లంపల్లివారూ. తర్వాత 1948లో రెడ్డిరాజ్యాల మీద పెద్ద గ్రంథం. మళ్ళీ ఒక్క వంశం, నూటపాతికేళ్ళ లోపు కాలం.

ఆ పుస్తకంలో ప్రోలయ నాయకుడిది ఒక స్వాతంత్ర్య సమరం లాగా కనబడుతుంది. 1940ల్లో రాసిన మనిషికి అలా కనబడడంలో వింత లేదు. సింథియా టాల్బట్ లాంటివాళ్ళు తర్వాత అదే శాసనాన్ని మళ్ళీ చదివి, ఇది నేటి జాతీయవాదాన్ని వెనక్కి తోయడమేనని వాదించారు. వాదించగలిగారు ఎందుకంటే ఆయన ఏ శాసనం, ఏ శ్లోకం, ఎక్కడ ఏ ఊహ చేశాడో విడివిడిగా పెట్టాడు. తప్పు పట్టడానికి వీలుగా రాయడం ఒక మర్యాద. ‘ఆంధ్రుల ఘన చరిత్ర’ అని రెండువేల ఏళ్ళు ఏకబిగిన చెప్పుకుపోయే పుస్తకంతో ఎక్కడని పోట్లాడతాం?

తెలుగులోనే, తెలుగు కోసమే చేసిన మోనోగ్రాఫ్ చూపించమంటే నేను చూపించేది చదవడానికి కూర్చునే పుస్తకం కూడా కాదు, నిఘంటువు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘మాండలిక వృత్తి పదకోశం’. తెలుగు మాటలన్నీ ఒక్కచోట చేర్చే పని పెట్టుకోలేదాయన. 1962లో మొదటి సంపుటం ఒక్క వ్యవసాయం మీద, 1971లో రెండో సంపుటం ఒక్క చేనేత మీద. తర్వాత ఇతరులు మిగతా వృత్తులు చేశారు. జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి, రైతునే కూర్చోబెట్టి, నాగలిలో ప్రతి ముక్కనీ చూపించి, దీన్ని మీరేమంటారు అని అడిగి రాసుకున్నారు. నాగలిలో కర్రు, మేడి, నొగ అని మనకి మహా అయితే మూడు మాటలు తెలుసు. ఒక్కో భాగానికి ప్రాంతానికో పేరు, ఆ పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అందులో ఉంది. హ్యాడవే వదిలేసినదీ, మన పండితులు పట్టించుకోనిదీ, అంటే పనివాడి నోట్లో మాట, అక్కడ దొరికింది. ఈ పని 1960ల్లో జరిగింది కాబట్టి సరిపోయింది. ట్రాక్టరొచ్చాక నొగ ఏమిటో అడిగితే చెప్పేవాడెవడు? పవర్‌లూములొచ్చాక ఆసు పోసే ఇల్లాలు ఏ ఊళ్ళో ఉంది?

ఇవాళ మన మధ్యనే పోతున్నవి బోలెడున్నాయి. టెలిఫోన్ ఎస్టీడీ బూతు తెలుగు పట్టణాల్లోకి వచ్చి పోయిన పాతికేళ్ళ చరిత్ర. ఒక్క చెరువు: ఎవరు తవ్వించారు, తూము ఎవరు ఎత్తేవారు, నీళ్ళ తగాదాలు ఎలా తీరేవి, ఏ ఏడు ప్లాట్లయింది. టూరింగ్ టాకీసు. అద్దెకి నవలలిచ్చే కొట్టు, రోజుకెంత, ఏ నవల ఎన్నిసార్లు బైండింగు వేయించారు. ఊళ్ళో చివరి కంచరి. ఒక్క ఆవకాయ, జిల్లా జిల్లాకీ ఆవపిండి పాళ్ళతో సహా. వీటిలో ఏదీ రాయడానికి యూనివర్సిటీ అక్కర్లేదు. మల్లంపల్లివారి చేతిలో కాలేజీ పట్టా కూడా లేదు. కావలసినది ఒక్కటే విషయాన్ని రెండు మూడేళ్ళు వదలకుండా ఉండడం, పక్కన ఇంకో ఆకర్షణీయమైన విషయం కనబడినా తల తిప్పకపోవడం. మనకి కష్టమైంది ఈ రెండోదే.

మరి దీన్ని తెలుగులో ఏమనాలి? ‘లఘు గ్రంథం’ అన్నవాళ్ళని చూశాను, అది మళ్ళీ సైజు గొడవే. ‘ఏకవిషయక గ్రంథం’ అర్థం ప్రకారం సరైనదే గానీ పలకడానికి నోరు తిరగాలి. నేను ‘ఏకాంశ గ్రంథం’ అంటున్నాను, ఇంతకంటే మంచిది ఎవరైనా చెబితే మార్చుకుంటాను. మోనోగ్రాఫ్ అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు, బస్సునీ రైలునీ ఉంచుకున్నట్టే. ఈసారి ఎవరైనా ‘మోనోగ్రాఫ్ రాశాను’ అని చేతిలో పెడితే మాత్రం, ఎన్ని పేజీలని చూడకుండా ‘దేని మీద? ఆ ఒక్కదాని మీదేనా?’ అని అడగబోతున్నాను.